ముఖపత్రం మీద లేని సంవత్సరం

నెల్లూరులో ఈ మధ్య జరిగిన ఒక సాహిత్య సభలో ఒక న్యాయవాదిగారు మాట్లాడుతూ, రచయిత పోయిన అరవై ఏళ్ళకే కాపీరైటు తీరిపోవడం అన్యాయమన్నారు. తండ్రి సంపాదించిన పొలం కొడుకులకూ మనవలకూ ఏ గడువూ లేకుండా సంక్రమిస్తున్నప్పుడు, తండ్రి రాసిన పుస్తకం మాత్రం ఒక తేదీ రాగానే ఊరందరి పాలెందుకు కావాలని ఆయన అడిగారు. సభలో చాలామంది తలలూపారు. ఆ ప్రశ్నలో నిజాయితీ ఉంది, రచయితల మీద ప్రేమ ఉంది. అందుకే దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

నేను కాపీరైటు వద్దనేవాణ్ణి కాను. రాసినవాడు బతికి ఉండగా ఆయన పుస్తకాన్ని అడగకుండా అచ్చువేసి అమ్ముకోవడం దొంగతనమే. ఆయన పోయాక భార్యాబిడ్డలకు కొంతకాలం ఆ హక్కు ఉండటమూ సబబే. ఆ కాలం అరవై ఏళ్ళు ఉండాలా, యాభై చాలునా అన్న చర్చకు కూడా చోటుంది. నా అభ్యంతరం ఆ లెక్క మొదలుపెట్టే చోటు మీద. రచయిత పేరుతో అచ్చయిన పుస్తకానికి మన 1957 నాటి చట్టం, ఆయన మరణించిన సంవత్సరం తర్వాత వచ్చే జనవరి 1 నుంచి అరవై ఏళ్ళు లెక్కపెడుతుంది. పేరున్న కవుల విషయంలో దీనితో ఇబ్బంది లేదు, వాళ్ళ జయంతులూ వర్ధంతులూ అందరికీ తెలుసు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో శతకాలు, హరికథలు, యక్షగానాలు, పద్యనాటకాలు రాసి, సొంత డబ్బుతో నాలుగైదు వందల ప్రతులు వేయించుకుని వెళ్ళిపోయిన కవుల విషయంలో మాత్రం ఇది ఎవరూ తేల్చలేని లెక్క. పుస్తకం ముఖపత్రం మీద అచ్చయిన సంవత్సరం ఉంటుంది. కవి పోయిన సంవత్సరం ఉండదు. గడువును ముఖపత్రం మీద ఉన్న సంవత్సరం నుంచే లెక్కపెట్టాలన్నది నా వాదన.

క్రోధి నామ సంవత్సరం, ధనుర్మాసం

2025 వేసవిలో, కందుకూరు దగ్గరి ఒక ఊరి నుంచి, చాలాకాలం పద్యనాటకాల్లో వేషాలు కట్టిన ఒక పెద్దాయన మా ఇంటికి ఒక చిన్న పుస్తకం తీసుకొచ్చారు. నలభై ఎనిమిది పేజీల నాటకం. కుట్టిన పిన్ను తుప్పుపట్టి, మధ్య కాగితాల మీద ఎర్రటి చార దిగింది. ముఖపత్రం మీద నాటకం పేరు, కవి పేరు, ఊరి పేరు, 1959, వెల 75 నయాపైసలు, అన్నింటికీ కింద సర్వస్వామ్య సంకలితము (అన్ని హక్కులూ మావే) అని అచ్చయి ఉన్నాయి. అందులో పద్యాలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఊళ్లో కొత్తగా నాటకం నేర్చుకుంటున్న పిల్లలకు ఇవ్వడానికి రెండు వందల ప్రతులు వేయించాలని ఆయన కోరిక. డీటీపీ చేసే కుర్రవాడు పద్యాలన్నీ కొట్టి ఇచ్చేశాడు గాని, ప్రెస్సు ఆయన మాత్రం హక్కుల సంగతి తేల్చి కాగితం మీద రాసిస్తేనే అచ్చు వేస్తానన్నారు. కాపీరైటు ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలుశిక్ష చట్టంలో ఉన్నప్పుడు, ఆయన జాగ్రత్తను తప్పుపట్టడానికి లేదు.

అక్కడి నుంచి మా వెతుకులాట మొదలైంది. ఆ కవికి పిల్లలు లేరు. ఆయన తమ్ముడి కోడలు ఒకామె, బాగా పెద్ద వయసులో, ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నారని తెలిసి వెళ్ళాం. పెదమామగారు ఏ సంవత్సరం పోయారని అడిగితే ఆమె చాలాసేపు ఆలోచించి, "నెహ్రూ పోయిన ఏడే అబ్బయా. మా పెద్దోడు పుట్టింది అప్పుడే, వాడి జాతకంలో క్రోధి అని రాసుండాది. ఆ పొద్దు వాకిట్లో గొబ్బెమ్మలు పెట్టుండాం, ఇంటికి మైల అని తీసేసినాం. అదే నాకు గుర్తు" అన్నారు.

ఇంతకంటే మంచి సాక్ష్యం ఏ పరిశోధకుడికీ దొరకదు. అయినా అది చట్టానికి చాలదు. క్రోధి నామ సంవత్సరం 1964 ఏప్రిల్‌లో మొదలై 1965 ఏప్రిల్‌లో ముగిసింది. గొబ్బెమ్మలు పెట్టేది ధనుర్మాసంలో, అంటే డిసెంబరు నడిమి నుంచి జనవరి నడిమి దాకా. ఆ కవి 1964 డిసెంబరు 31 లోపల పోయి ఉంటే ఆయన నాటకం 2025 జనవరి 1 నుంచే అందరి సొత్తు, మేము వెళ్ళేనాటికే ఎవరైనా వేసుకోవచ్చు. సంక్రాంతి దగ్గరపడ్డాక పోయి ఉంటే 2026 జనవరి 1 దాకా ఆగాలి. తద్దినం పెట్టే కొడుకు ఉంటే తిథి తెలిసేది. తద్దినాలు పెట్టే ఇళ్ళలో తిథి తరాల తరబడి గుర్తుంటుంది గాని, ఏ సంవత్సరం తిథి అన్నది రెండో తరానికే మరుగున పడుతుంది. చట్టానికి కావలసింది సంవత్సరం. మన ఇళ్ళు కాపాడుకునేది తిథి.

మరణాల రిజిస్టరు చూడవచ్చు కదా అని ఒక మిత్రుడు సూచించాడు. ఆ కాలంలో దాన్ని రాసింది గ్రామ మునసబు. 1984లో మునసబు, కరణం ఉద్యోగాలు రద్దయ్యాయి. పైగా కందుకూరు 1964లో నెల్లూరు జిల్లా, 1970 నుంచి ఒంగోలు ముఖ్యపట్టణంగా ఏర్పడిన జిల్లా, 2022లో మళ్ళీ నెల్లూరు జిల్లా. ఇన్ని చేతులు మారిన చోట ఒక ఊరి రిజిస్టరు ఏ కార్యాలయంలో ఏ మూల ఉందో చెప్పగలిగినవాళ్ళు మాకు దొరకలేదు.

ఒక్క ఏడాదే కదా, ఆగితే పోయేదేముందని ఎవరైనా అనవచ్చు. ఇక్కడ సందేహం ఒక్క ఏడాదికి తగ్గడానికి కారణం, ఒక ముసలామె బతికి ఉండటం, ఆమె కొడుకు జాతకం భద్రంగా ఉండటం. పక్క ఊళ్ళ కవుల గురించి అడిగినప్పుడు మాకు వచ్చిన జవాబులు "ముందరి కాలం" అనీ, "తాతల నాడు" అనీ. అలాంటివాళ్ళ పుస్తకాలు ఎప్పుడు స్వేచ్ఛ పొందుతాయో ఎవరు చెప్పాలి? ఎవరూ చెప్పలేరు కనుక ఎవరూ అచ్చువేయరు. ఈలోగా ఉన్న ఒకటి రెండు ప్రతులూ చెదలపాలవుతాయి.

పొలమైతే అడంగల్ ఏది?

న్యాయవాదిగారి పొలం పోలికకు ఇక్కడ జవాబు చెప్పాలి. పొలానికి సర్వే నంబరు ఉంటుంది. అడంగల్‌లో ఎవరి అనుభవంలో ఉందో రాసి ఉంటుంది. పట్టాదారు చనిపోతే వారసులు వెళ్ళి పేరు మార్పించుకుంటారు, పాసుపుస్తకం తెచ్చుకుంటారు. నా పొలమని చెప్పుకోవడానికి ఎవరో ఒకరు ప్రతి తరంలోనూ కాగితం పట్టుకుని కచేరీకి పోవాలి. కాపీరైటుకు ఇవేమీ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఉంది గాని తప్పనిసరి కాదు. రాసిన క్షణం నుంచి హక్కు పుడుతుంది, వారసులకు తమకు ఆ హక్కు ఉందని తెలియకపోయినా వాళ్ళకు సంక్రమిస్తుంది, నలుగురు అన్నదమ్ములుంటే నాలుగు వాటాలవుతుంది, వాళ్ళ పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డాక ఆ వాటాలు పదహారు అవుతాయి. అనుమతి అడగాలనుకున్నవాడు ఎవరి ఇంటికి పోవాలో చెప్పే పుస్తకం ఏ కార్యాలయంలోనూ లేదు. పొలంతో సమానమైన హక్కు కావాలన్నప్పుడు, పొలానికి ఉన్న అడంగల్ కూడా ఉండాలి కదా.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఒక పొలాన్ని ఒకరు దున్నుతుంటే ఇంకొకరు దున్నలేరు. పద్యాన్ని పది ఊళ్ళలో పాడితే పద్యం తరగదు. పొలానికి గడువు లేకపోవడానికీ, పుస్తకానికి గడువు పెట్టడానికీ మధ్య తేడా ఇదే.

చట్టం తానే వేరేగా లెక్కపెట్టే చోట్లు

ప్రచురణ సంవత్సరం నుంచి లెక్కపెట్టడం వింత ఆలోచనేమీ కాదు. మన చట్టమే చాలా చోట్ల ఆ పని చేస్తోంది. సినిమాకు అరవై ఏళ్ళు విడుదలైన సంవత్సరం తర్వాతి నుంచి. గ్రామఫోను రికార్డుకూ అంతే. ప్రభుత్వ ప్రచురణలకూ, రచయిత పోయాక తొలిసారి అచ్చయిన పుస్తకాలకూ అంతే. అన్నింటికంటే ముఖ్యం, పేరు లేకుండానో మారుపేరుతోనో అచ్చయి, అసలు రచయిత ఎవరో బయటపడని పుస్తకానికి కూడా ప్రచురణ నుంచే లెక్క. అంటే మా కందుకూరు కవి తన నాటకం మీద పేరు వేసుకోకుండా ఉండి ఉంటే, అది 2020 జనవరి 1 నాడే ఏ సందేహం లేకుండా అందరిదీ అయ్యేది. తాను రాశానని నిజాయితీగా పేరు, ఊరు అచ్చువేసుకున్నందుకు, ఆయన పుస్తకం ఆయన మరణ తేదీ దొరికేదాకా ఆగవలసి వచ్చింది.

మరణం నుంచి లెక్కపెట్టడంలో రచయితల మధ్య కూడా న్యాయం లేదు. గురజాడ తన ప్రసిద్ధ నాటకాన్ని తిరగరాసి అచ్చువేసింది 1909లో. ఆయన 1915లో పోయారు కనుక, అప్పటి యాభై ఏళ్ళ లెక్కన 1966 నాటికి అది అందరిదయింది. తిరుపతి వేంకట కవులది జంట కవిత్వం. ఇద్దరు కలిసి రాసినప్పుడు చివర పోయినవారి మరణం నుంచి లెక్కపెట్టాలని చట్టం చెబుతుంది. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లోనే పోయినా, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1950 దాకా ఉన్నారు. అందువల్ల మన జిల్లాల్లో ప్రతి తిరునాళ్ళలోనూ వినిపించే వారి పాండవ నాటకాలు చట్టం ప్రకారం 2011 దాకా కాపీరైటులోనే ఉన్నాయి. ఒకే తరానికి చెందిన నాటకాలు, ఒకదానికి ఇంకొకదానికి నలభై అయిదేళ్ళ తేడా. ఒకే ఏడు అచ్చయిన పుస్తకాలైనా, చిన్న వయసులో పోయిన కవి పుస్తకానికి తక్కువ కాలం, తొంభై ఏళ్ళు బతికిన కవి పుస్తకానికి ఎక్కువ కాలం రక్షణ దక్కుతోంది.

హరిశ్చంద్ర నాటకం సంగతి చూడండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో పోయారు కనుక ఆయన నాటకం 2014 జనవరి 1 నుంచి స్వేచ్ఛగా ఉంది. కాటిసీనులో నటులు పాడే పద్యాల్లో జనాన్ని కదలకుండా కూర్చోబెట్టేవి, శ్మశానం మీద జాషువా రాసిన పద్యాలు. జాషువా 1971లో పోయారు, ఆ పద్యాలకు 2031 చివరిదాకా కాపీరైటు ఉంది. ఒకే రంగంలో ఒక పద్యం అందరిదీ, తర్వాతి పద్యం వారసులది. టికెట్టు లేకుండా ఔత్సాహిక సమాజం ఆడే నాటకానికీ, గుడికోసం ఆడే నాటకానికీ చట్టం మినహాయింపు ఇచ్చింది గనుక ఊరి పిల్లలు ఆడుకుంటే తప్పు లేదు. ఒప్పుకున్న మొత్తానికి ఆడే వృత్తి కళాకారులకు ఆ మినహాయింపు వర్తిస్తుందని చెప్పలేం. పుస్తకం వేయడానికి అసలే వర్తించదు.

1991 డిసెంబరు 28

ఈ అరవై ఎక్కడి నుంచి వచ్చిందో చాలామంది పాఠకులకు తెలుసు కనుక క్లుప్తంగా చెబుతాను. 1957 చట్టంలో ఉన్నది యాభై. రవీంద్రనాథ్ టాగూర్ 1941లో పోయారు గనుక 1991 డిసెంబరు 31తో ఆయన రచనలపై, ఆయనే నెలకొల్పిన విశ్వభారతి సంస్థకు ఉన్న హక్కు తీరిపోవలసి ఉంది. దానికి మూడు రోజుల ముందు, డిసెంబరు 28 నుంచి అమలయ్యేలా గడువును పదేళ్ళు పెంచారు. ఒక్క మహాకవి కోసం, ఒక్క సంస్థ కోసం చేసిన ఆ మార్పు దేశంలోని ప్రతి భాషలో, ప్రతి రచయితకూ అంటుకుంది. మన నెల్లూరు జిల్లా కవి దువ్వూరి రామిరెడ్డి 1947లో పోయారు. పాత లెక్కన 1998లో అందరికీ దక్కవలసిన ఆయన కవిత్వం 2008 దాకా ఆగింది. శాంతినికేతన్‌లో ఒక సంస్థ అవసరానికీ, పెన్నా ఒడ్డున రాసిన కావ్యానికీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ బోధపడదు.

మన పక్కనే తమిళనాడు ఇంకో దారి పట్టింది. 1949లో సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులను అక్కడి ప్రభుత్వం తీసుకుని, తర్వాత ప్రజలకు ఇచ్చింది. ఆ తర్వాత కూడా ఎందరో రచయితల వారసులకు కొంత మొత్తం చెల్లించి వాళ్ళ రచనలను జాతీయం చేస్తూ వచ్చింది. వారసులకూ గౌరవం, పాఠకులకూ పుస్తకం. ఇది మంచి పనే, మనమూ చేయవలసిన పనే. అయితే ప్రభుత్వం ఎంచుకునేది పేరున్నవాళ్ళనే. నలభై ఎనిమిది పేజీల నాటకం రాసిన కవి పేరు ఆ జాబితాలోకి ఏనాటికీ ఎక్కదు.

ఒక కుమార్తె అడిగిన మాట

నా వాదన విన్న ఒక కవిగారి కుమార్తె ఒంగోలులో నన్ను ఒక ప్రశ్న వేశారు. ఆవిడ తండ్రిగారి పుస్తకాన్ని ఎవరో అడగకుండా అచ్చువేసి, ముందుమాటలో కుటుంబం పేరు కూడా ఎత్తలేదట. "డబ్బు మాట వదిలేయండి, నాన్నగారి పుస్తకంలో నాలుగు పద్యాలు మార్చేశారు. గడువు తగ్గించమంటున్నారు, రేపు ఇలాంటివాళ్ళను నేను ఏ అధికారంతో ఆపాలి?" అన్నారు. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. రచయిత పేరు చెప్పించుకునే హక్కు, రచనను ఆయన ప్రతిష్ఠకు భంగం కలిగేలా వికృతం చేయకుండా ఆపే హక్కు కాపీరైటుతో పాటు తీరిపోవు. చట్టంలోని 57వ సెక్షన్ కింద వారసులు వాటిని అడగవచ్చు. అది ఆవిడకు చెప్పాను. ఆవిడ తృప్తి పడలేదు, ఎందుకంటే నాలుగు పద్యాల కోసం కోర్టుకు పోయే శక్తి ఏ ఇంటికి ఉంటుంది? ఆ బాధకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే గడువు ఇంకా నడుస్తుండగానే ఆవిడకు ఆ అన్యాయం జరిగింది కనుక, గడువు పొడవు ఆవిడను కాపాడలేదని మాత్రం అనగలను.

తండ్రి రాతప్రతులను దాచి, అడిగినవాళ్ళకు ఇచ్చే ఇలాంటి వారసుల హక్కును తుడిచేయాలని నేను కోరడం లేదు. నేను కోరే లెక్క ఇది: రచయిత బతికున్నంత కాలం హక్కు ఆయనదే, ప్రచురణ నుంచి అరవై ఏళ్ళు ఎలాగూ ఉంటుంది, ఈ రెండింటిలో ఏది తర్వాత ముగిస్తే అదే గడువు. ఇరవై అయిదేళ్ళకు పుస్తకం వేసి నలభైకి పోయిన కవి కుటుంబానికి ఇంకా నలభై అయిదేళ్ళు దక్కుతుంది. ఈ లెక్కలో మరణ సంవత్సరం అక్కర్లేదు. అరవై ఏళ్ళ కిందటి పుస్తకం చేతిలో ఉన్నప్పుడు తేలవలసింది, రాసినవారు ఉన్నారా లేరా అన్నది ఒక్కటే. అది ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

అంతర్జాతీయ ఒప్పందాలు ఒప్పుకోవని చట్టం తెలిసినవాళ్ళు అంటారు. బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత మరణానంతరం యాభై ఏళ్ళు కనీస గడువు, నిజమే. ఆ కనీసాన్ని ఒక దేశం ఇతర దేశాల రచనలకు ఇవ్వాలి. సొంత దేశంలో పుట్టిన రచనల సంగతి ఆ దేశపు చట్టానికే వదిలిందని అదే ఒప్పందంలోని అయిదో అధికరణం చెబుతోంది. కాబట్టి దారి లేదనలేం. అయితే ఇంగ్లీషు రచయితకు మన దేశంలో ఎక్కువ కాలం, తెలుగు రచయితకు తక్కువ కాలం అవుతుంది కదా అన్న ఎత్తిపొడుపు వస్తుంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తెలుగు పుస్తకానికి ఎక్కువ కాలం నిలిచిన హక్కు కంటే ఎక్కువ కాలం నిలిచిన ప్రతి ముఖ్యమని మాత్రం నమ్ముతాను.

ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన

చట్టం మారేదాకా మరో దారి ఉందని చెబుతారు: 31-ఏ సెక్షన్. రచయిత చనిపోయి, హక్కుదారులు దొరకనప్పుడు, హక్కుదారు అనుమతి లేకుండానే ప్రచురించుకోనిచ్చే తప్పనిసరి లైసెన్సు అడగవచ్చు. అచ్చయిన పుస్తకాలకు కూడా ఇది 2012 సవరణతో వర్తించింది. మా పెద్దాయన కోసం నేను ఆ సెక్షన్‌ను శ్రద్ధగా చదివాను. దరఖాస్తుకు ముందు, దేశంలో ఎక్కువ భాగం చెలామణి అయ్యే ఒక ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి. అనువాదానికైతే ఆ భాష పత్రికలో కూడా ఇవ్వాలి గాని, తెలుగు పుస్తకాన్ని తెలుగులోనే మళ్ళీ వేయడానికి తెలుగు పత్రికలో ప్రకటన అడగలేదు. ఆ కవి బంధువు ఎవరైనా ఉంటే కందుకూరులోనో పామూరులోనో ఉంటారు; వాళ్ళను పలకరించడానికి ఢిల్లీలో చదివే పత్రికలో ఇంగ్లీషులో ప్రకటన. ఆ తర్వాత, ఇలాంటి దరఖాస్తులు వినే అప్పిలేట్ బోర్డు 2021లో రద్దయింది కనుక కమర్షియల్ కోర్టుకు పోవాలి, కోర్టు నిర్ణయించిన రాయల్టీ జమకట్టాలి. ప్రకటన ఖర్చే రెండు వందల ప్రతుల అచ్చు ఖర్చును మించుతుంది. ఈ సెక్షన్‌లో కనీసం ప్రకటనను పుస్తకం భాషలోనే, రచయిత జిల్లాలో చదివే పత్రికలో ఇమ్మని మార్చినా, మన ఊళ్ళకు కొంత మేలు.

ఈ మార్పులు ఎప్పుడొస్తాయో చెప్పలేం. ఈలోగా మనమే చేసుకోగల పని ఒకటుంది. రెండు జిల్లాల గ్రంథాలయాల్లోనూ, నెల్లూరు వర్ధమాన సమాజం, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయిన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయాల్లోనూ ఉన్న స్థానిక కవుల పుస్తకాలకు, కవులు పోయిన సంవత్సరాల జాబితా ఒకటి తయారుచేయాలి. ఆధారాలు ఇంకా ఇళ్ళలో ఉన్నాయి: పెద్దకర్మ కార్డులు, సమాధి ఫలకాలు, స్కూల్లో పనిచేసిన కవులైతే పెన్షన్ కాగితాలు, పాత వారపత్రికల్లో సంతాప వార్తలు. కందుకూరు, కనిగిరి, ఉదయగిరి ప్రాంతాల కవులతో నేను మొదలుపెట్టాను. మీకు తెలిసిన కవి పేరు, ఊరు, పోయిన సంవత్సరం, ఆ సంవత్సరానికి ఆధారం రాసి పంపండి. సంవత్సరం గుర్తులేక తిథి, వారం మాత్రమే గుర్తుంటే అవే రాయండి. పాత పంచాంగాలు నా దగ్గర ఉన్నాయి, పోల్చి చూస్తాను.